గడప దగ్గర ఎన్ని జతలు?

ముందుగా పోయినవాటి లెక్క చెప్పేస్తాను. దుబాయి నుంచి వచ్చిన వీడియో క్యాసెట్టు ఒకటి. అందులోని జపాన్ సినిమాలో డెబ్బై ఒక్క నిమిషాలు. సెలవు మీద వచ్చిన ఒక స్నేహితుడి మనశ్శాంతి. మా అవ్వ దృష్టిలో నాకున్న తెలివి కూడా పోయింది. అది ఎంత ఉండేదో ఎన్నడూ తూచలేదు కాబట్టి ఒక శాల్తీగానే రాసుకుంటున్నాను. ఇన్ని పోవడానికి వరద రాలేదు, దొంగలు పడలేదు. నేను లెక్క వేశాను, అంతే.

తొంభైల మొదట్లో ఆత్మకూర్‌లో టీవీ, వీసీఆర్ కిరాయికి ఇచ్చేవాణ్ణి. చదువు ఏడో తరగతితో ఆగినా లెక్కల పిచ్చి ఆగలేదు. చేతికి గడియారం, జేబులో నోటుబుక్కు. మా ఇంట్లో పప్పు ఎంతసేపట్లో ఉడుకుతుందో పప్పుకు తెలియకపోయినా నాకు తెలిసేది.

జహంగీర్ భాయ్ దుబాయిలో దర్జీ. నెల సెలవు మీద వచ్చి, చివరి వారంలో ఆ క్యాసెట్టు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"తమ్మీ, గిది బొమ్మల సినిమా. ఆడ సగం చూసిన, గంతల టికెట్ వచ్చింది. ఆ ముసలాయన ఇంట్ల జొరబడేది ఎవడో తెల్వక నాకు నిద్ర పడ్తలేదు. ఆఖరు చూపియ్యి, నీకు పుణ్యముంటది."

పెట్టాను. ఇప్పటి పిల్లలు యానిమే అంటారే, అదే. గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన ఒంటరిగా ఉంటాడు. రోజూ పనినుంచి ఇంటికి వచ్చేసరికి ఏదో ఒక వస్తువు చోటు మారి ఉంటుంది. జొరబడింది ఇంకెవరో, తనే మార్చి మరిచిపోయాడో ఆయనకే తెలియదు. మాటలు మనకు అర్థం కావు. పైగా ఆ నడక! మా ఊరి ఎద్దులబండి దాని ముందు విమానం. వాన పడుతుంటుంది, పడుతూనే ఉంటుంది. నోటుబుక్కులో రెండు గళ్ళు గీశాను. లోపాల గడిలో: "నెమ్మది. మనిషి లేని గడపను చూపించడం ఏడు నిమిషాలు. ఇద్దరు బల్ల దగ్గర మాట్లాడడం తొమ్మిది నిమిషాలు." గుణాల గడిలో: "వాన బాగా గీశారు."

మా అవ్వ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. ఆ తొమ్మిది నిమిషాల మాటల్లో కునుకు తీసిన మాట నిజమే. గడప కనబడగానే దిగ్గున లేచింది.

అరవై ఎనిమిదో నిమిషంలో కరెంటు పోయింది.

"అయ్యో అల్లా!" అన్నాడు భాయ్.

"ఆ ముసలోడు బతుకుతడో లేదో!" అంది అవ్వ.

తెల్లారేసరికి అవ్వ చెప్పిన కథ వాడంతా పాకింది. అందరూ మొదటినుంచి చూస్తామన్నారు. ఆదివారం ఆట అనుకున్నాం. లెక్క వేశాను. పగటి కరెంటు రెండు గంటలు. జనం కూర్చోవడానికి పావుగంట పోతే నూట ఐదు నిమిషాలు. సినిమా నూట పది. ఐదు నిమిషాలు ఎక్కువ! నిదానమే ప్రధానమన్న పెద్దలకు మా ఊరి కరెంటుతో పని పడలేదు.

రెండో వీసీఆర్ అడిగి తెచ్చి కోత మొదలుపెట్టాను. బొమ్మ కదిలితే రికార్డు, కదలకపోతే ముందుకు. "ఆఖరు నువ్వైనా చూడలేదా?" అని మీరడగవచ్చు. అయ్యా, నా కళ్ళు గడియారం ముల్లు మీద ఉన్నాయి! చివర్లో మళ్ళీ ఆ గడపే వచ్చింది. క్యాసెట్టు ఇరుక్కుందేమో అనుకుని ఎగరగొట్టాను. కూర్చుని కోస్తే కొండలైనా తరుగుతాయి, సినిమా ఎంత? నూట పది కాస్తా ముప్పై తొమ్మిది అయింది.

అంతటితో ఆగినా బతికిపోయేవాణ్ణి. శనివారం పెళ్ళి వీడియో తీసే మిత్రుడు పరుగెత్తుకొచ్చి, "ఒక్క క్యాసెట్టుంటే ఇయ్యే, నా ఇజ్జత్ పోతది" అన్నాడు. మంచిదంతా కొత్తదాంట్లో ఉంది కదా అని దుబాయి క్యాసెట్టు ఇచ్చేశాను. దానిమీద రికార్డు కాకుండా వీపున బిళ్ళ విరిచి ఉంది. మళ్ళీ రికార్డయ్యేలా ఆ బొక్కకు నా చేతులతో నేనే ప్లాస్టరు అంటించాను.

ఆదివారం నలభై మంది కూర్చున్నారు. ముసలాయన వచ్చాడు, అరిచాడు, పరుగెత్తాడు, పడ్డాడు, లేచాడు, మళ్ళీ పరుగెత్తాడు. ఎందుకో ఎవరికీ తెలియలేదు. జనం పడీపడీ నవ్వారు. అయిపోయింది.

జహంగీర్ భాయ్ నవ్వలేదు. "ఎవడు తమ్మీ జొరబడ్డది?"

అవ్వ అడిగింది: "కొడుకా, గడప కాడి చెప్పులేవిరా?"

"అక్కడ ఏం జరగదవ్వా, ఉత్త చెప్పులే. కోసేసిన."

"గవే కదరా కథ! ఆ ముసలోడు చెప్పులేసుకొనే బయటికి పోయె. మొదటి దినం గడప కాడ ఒక జత ఉండె. ఎవనివిరా? మల్ల దినం రెండు జతలు. కరెంటు పోయేటాల్లకు నాలుగు! ఇంట్ల ఎంతమంది జొరబడ్డరో అని నేను పానం బిగవట్టుకొని లెక్కపెడ్తుంటే, నువ్వేం లెక్కపెట్టినవురా?"

ఇరవై దాటితే అవ్వకు అంకెలు రావు. ఆమె చెప్పులు లెక్కపెట్టింది, నేను నిమిషాలు లెక్కపెట్టాను.

"ఆఖరుకు ఎన్ని జతలుండె?" భాయ్ లేచి వీసీఆర్ దగ్గరికి వచ్చాడు. "అసల్ క్యాసెట్ తియ్యి."

చెప్పక తప్పలేదు. పెళ్ళివారి ఇంటికి పరుగెత్తి క్యాసెట్టు పెట్టించాం. మూడు గంటల పెళ్ళి దాన్ని అంచులదాకా నింపేసింది. అందులో బంతి భోజనాలే నలభై నిమిషాలు. ఏమీ జరగదు, తింటారు. ఇల్లంతా రెప్ప వేయకుండా చూసింది.

భాయ్ మెల్లగా అన్నాడు: "నేను దర్జీని తమ్మీ. గుడ్డ నాలుగు వేళ్ళు ఎక్కువుంటే నాలుగు వేళ్ళే కోస్త. నువ్వు అంగీ కోసేసి గుండీలు చేతిల పెట్టినవ్."

మర్నాడే దుబాయికి తిరిగి పోవడానికి బస్సెక్కాడు. అక్కడ మళ్ళీ ఆ క్యాసెట్టు దొరకలేదట. ఆయన రాసిన ప్రతి ఉత్తరం చివర సంతకం కింద ఒకటే మాట: "ఎన్ని జతలు?"

అందుకని నా నోటుబుక్కు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో ఏ సినిమానూ ముందుకు పరుగెత్తించను, ఎవరి ఇంటికి వెళ్ళినా గడప దగ్గర చెప్పులు లెక్కపెట్టకుండా లోపలికి అడుగుపెట్టను. గుణాల గడిలో "నెమ్మది" అని రాసి, లోపాల గడిలో నా పేరు రాసుకున్నాను. ఆ కింద, భాయ్‌కి నేను ఇవ్వవలసిన అంకె కోసం వదిలిన జాగా మాత్రం ఇప్పటికీ ఖాళీగానే ఉంది: నాలుగుకు తక్కువ కాదు, అంతవరకే నాకు తెలుసు.