గోడ నీడకు మింగిన మాత్ర

ఇది ఎప్పుడో రాయవలసింది. రాయలేకపోవడానికి కారణం ఒక్కటే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. మా ఊళ్లో ఆడవాళ్లకు రాత్రిబడి పెట్టేనాటికి నాకు మనవరాళ్లు కూడా పుట్టారు. వాళ్ల పలక మీదే ‘అ’ దిద్దుకున్నాను. ఇప్పుడు చెయ్యి తిరిగింది కనుక మొదట నా కుడి కన్ను గురించే రాస్తున్నాను.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మాట. మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె, నల్లరేగడి సేద్యం. జొన్నకోతలు అయిపోయి వాకిట్లో చొప్పవామి లేచిందంటే నాకు గుండె దడ. ఏటా ఆ రోజుల్లోనే, మధ్యాహ్నం అన్నాలయి ఎండ వాలాక, కుడి కన్ను వెనక ఎవరో దబ్బనం గుచ్చి తిప్పినట్టు నొప్పి లేచేది. ఆ కన్ను ఒక్కటే ఎర్రబడి నీళ్లు కారేది. ముక్కు కూడా ఆ పక్కే కారేది. ఎడమ పక్కకు ఏమీ లేదు. కొంతసేపటికి దీపం ఆర్పినట్టు పోయేది, మరునాడు అదే వేళకు మళ్లీ వచ్చేది. కొన్ని వారాలు అలా వేధించి, మళ్లీ ఏడాదిదాకా జాడ ఉండేది కాదు.

“తలనొప్పంటే పండుకోవల్ల” అనేది మా అత్త. చీకటి గదిలో పడుకోబెట్టి నొసటికి గుడ్డ బిగించేది. పడుకుంటే నాకు ప్రాణం పోయేది. గుడ్డ పీకేసి, గానుగెద్దులా వాకిట్లో తిరిగేదాన్ని. గోడకు తల కొట్టుకునేదాన్ని. చూసినవాళ్లు పూనకం అన్నారు.

ఆ ఏడు మా అత్త తేల్చేసింది. “ఈ ఆదివారం కణతకు వాత పెట్టిస్తా. పసుపుకొమ్ము కాల్చి పెడితే దెబ్బకు పోతాది.” ఇంట్లో ఉన్న పసుపులోంచి లావుపాటి కొమ్మొకటి ఏరి గూట్లో పెట్టింది.

మా వీధిలో ఒకావిడకు అలాగే పెట్టిన వాత కంటికొనకు తగిలింది. ఆమె రెప్ప ఆ తర్వాత పూర్తిగా మూతపడలేదు. అది తలచుకుని నా భర్తను పట్టుకున్నాను. “నొప్పయినా పడతా గానీ కన్ను పోగొట్టుకోను. నన్ను నంద్యాలకు తీసుకపో.” ఆయన బస్సెక్కించాడు.

నంద్యాల డాక్టరు అడిగిన ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు.

“నొప్పొచ్చినప్పుడు కదలకుండా పండుకుంటావామ్మా, తిరుగుతావా?”

“తిరుగుతా సామీ. పండుకుంటే సస్తా.”

“అయితే ఇది మామూలు తలనొప్పి కాదు, పూనకమూ కాదు. వేళ పట్టుకుని వచ్చే నొప్పి ఇది. మగవాళ్లకే ఎక్కువ. ప్రాణభయం లేదు.”

మాత్రలిచ్చాడు. నొప్పి వచ్చాక మింగితే లాభం లేదు, వచ్చే వేళకు కాస్త ముందే మింగాలి, రోజుకు ఒకటి దాటకూడదు, ఆ రోజుల్లో పగటినిద్ర పోకూడదు అని చెప్పాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా అత్త నోరు నొక్కుకుంది. “నొప్పి ల్యానప్పుడు మాత్ర ఏందీ? కాలు ఇరగకముందే కట్టు కట్టిచ్చుకుంటాండావే!”

మా ఇంట్లో గడియారం లేదు. ఉన్నా నాకు చూడటం రాదు. కానీ నీడ తెలుసు. వామి నీడ వాకిట్లోని రోలును తాకిన కాసేపటికి నొప్పి లేచేది. అందుకని నీడ రోలును తాకగానే మాత్ర వేసుకున్నాను. ఆరోజు నొప్పి రాలేదు. మరునాడూ రాలేదు. శనివారం మాత్రం, నీడ ఇంకా రోలు చేరకముందే దబ్బనం దిగింది.

“చూస్తివా మే! నీ నంద్యాల మాత్ర ఇంతే. రేపు వాతలు పెట్టే తాత వస్తాండాడు” అంది అత్త.

తిరుగుతూ తిరుగుతూ వామి వైపు చూశాను. ఎద్దులకని రోజూ చొప్ప లాగుతుంటే అది కుంగిపోయింది. వామి కుంగితే నీడ కూడా పొట్టిదవుతుంది, రోలు దగ్గరకు ఆలస్యంగా వస్తుంది. నొప్పి తన వేళకే వచ్చింది, తప్పింది నా గడియారం! అంత బాధలోనూ నవ్వొచ్చింది. గోడను ఎద్దులు మేయవు కదా అనుకుని, ప్రహరీగోడ నీడ అంచు చూసుకుని, నొప్పి వేళకు ముందే నీడ తాకేలా, దానికి బాగా ఇవతల, గోడ వైపు బండ మీద బొగ్గుతో గీత గీశాను. కన్ను కారుతూ నవ్వుతూ గీతలు గీస్తున్న నన్ను చూసి పూనకం ముదిరిందన్నారు.

ఆదివారం వాతలు పెట్టే తాత వచ్చాడు. ఇరుగుపొరుగూ చేరారు.

“తాతా, నొప్పొస్తేనే వాత. రాకపోతే ల్యా. సరేనా?” అన్నాను.

“నొప్పి ల్యాకపోతే నేను మాత్రం యాడ పెట్టల్లమ్మా?” అని నవ్వి అరుగు మీద కూర్చున్నాడు.

గోడ నీడ గీతను తాకింది. మాత్ర మింగాను. నీడ గీత దాటింది, రోలు ఎక్కింది. అత్త నా ముఖంలో ముఖం పెట్టి చూసింది. “ఎర్రగా ల్యా... నీళ్లూ ల్యావు” అని తనలో తనే అనుకుంది. నీడ వాకిలంతా పరుచుకుంది. చేలోంచి ఎద్దులు ఇల్లు చేరాయి. నేను అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను, నొప్పితో కాదు, పట్టలేని సంతోషంతో.

తాత మజ్జిగ తాగి లేచాడు. “ఏమ్మా, మీ కోడలు నొప్పిని నంద్యాలలోనే ఇడిసొచ్చినట్టుంది. నాకు పొద్దు పోతాంది” అని వెళ్లిపోయాడు.

నొప్పి నన్ను వదిలిపోలేదు. తర్వాతి ఏళ్లలోనూ జొన్నకోతల వెనకే వచ్చేది. కానీ అప్పటికి గీత కాపలా మా అత్తదే అయింది. “మే, నీడ గీతకాడికొచ్చింది, బేగా మింగు!” అని వీధికంతా వినబడేలా అరిచేది.

ఆ ఆదివారం మరునాటి పొద్దున నేను గూట్లోని పసుపుకొమ్ము తీసి, సానరాయి మీద అరగదీసి, రెండు కణతలకూ ముఖానికీ నిండుగా పూసుకుని తలంటి పోసుకున్నాను.