గోడ మీద అరచెయ్యి

గోడ పగలగొట్టే ముందు మా హోటలు పనులు చేసే ప్లంబరు మేస్త్రి దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. లోపల పైపు ఎటు వెళ్తోందో అలా తెలుస్తుందనేవాడు.

తొంభైల చివర్లో బందరులో మా హోటలు తనిఖీలో తప్పింది. తాగునీటి పైపు మురుగుకాలవలోంచి వెళ్తోందని, వారంలో మార్చకపోతే సీలు వేస్తామని అన్నారు. మేస్త్రి ఆరు రోజులు వంటగది వెనక, భుజాలు కూడా పట్టని సందులో పక్కకు తిరిగి నిలబడి, కొత్త పైపు గోడ మీద ఎత్తుగా వేశాడు.

ఏడో రోజు ఇన్‌స్పెక్టరు వచ్చి పని బాగుందన్నాడు. "మరి పాతది కాలవలో వేయించిందెవరు?" అని అడిగాడు.

పాత పైపు వేసిందీ ఈ మేస్త్రే. కాలవలోంచి వద్దని ఆనాడే బతిమాలాడు. దగ్గరి దారని పట్టుబట్టింది మా నాన్నగారు. ఆ మాటలు విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. యజమాని తెలిసే చేయించాడంటే లైసెన్సు పోతుంది. నేను నోరు తెరవలేదు.

మేస్త్రి గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఆగాడు. "నేనే వేశానండీ. అప్పుడు నాకు తెలియలేదు," అన్నాడు.

ఆ తర్వాత బందరులో ఏ హోటలువాళ్లూ ఆయన్ని పిలవలేదు. రెండేళ్లకు గుడివాడ బస్టాండులో కనిపించాడు. ముదినేపల్లి దగ్గర చేపల చెరువులకు పైపులు బిగిస్తున్నాడట. క్షమించమని అడగాలనుకున్నాను.

"నాన్నగారు కులాసానా బాబూ?" అన్నాడాయన.

కులాసానే అన్నాను.