చివరి మనిషి ఎక్కేదాకా

కండక్టర్ తాతకు కోపం ముక్కుమీదే ఉండేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చివరి మనిషి ఎక్కందే బస్సు కదలనిచ్చేవాడు కాదు. అందుకు డ్రైవర్లతో రోజూ తగువే.

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీలో పాత జానపద సినిమా చూస్తున్నారు. మాంత్రికుడు చచ్చాడు, కోట కూలుతోంది. రాకుమారుడు రాకుమారిని ఎక్కించుకుని ఎగిరే తివాచీని లేపాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే తాత లేచి నిలబడి కేకేశాడు.

"ఆపవయ్యా! ముసలి దాది ఎక్కలేదు, కనబడట్లేదా?"

కూతురూ మనవలూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తాత మొహం చిన్నబోయింది.

"ఆ పిల్లను పెంచింది ఆవిడే కదా" అని గొణిగాడు.

అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. రిమోట్ అందుకుని సినిమాను వెనక్కి తిప్పి, తివాచీ నేలమీద ఉండగా ఆపింది.

"ఇప్పుడు ఎక్కించుకోండి. తొందరేం లేదు."

తాత కాసేపు తెరవంక చూశాడు. తరువాత పక్క గోడను, బస్సు తలుపు తట్టినట్టు, రెండుసార్లు మెల్లగా తట్టాడు.

"రైట్, రైట్."