గూడబాతులు దిగిన పూట

కొల్లేటి పల్లెలో మూడు రోజుల ఉపవాస ప్రార్థన కూటాల్లో వాక్యం చెప్పి ముగించేసరికి నా గొంతు పూర్తిగా పోయింది. కడప తిరిగి వెళ్లడానికి ఏలూరులో రైలెక్కాలి. పొద్దున్నే చేపల చెరువు గట్టు మీద ఆటో కోసం కూర్చున్నాను. ప్రార్థించబోతే ఒక్క మాటా రాలేదు. అంత అలసిపోయాను.

గాలి మాత్రం మారింది. నిన్నటి ఉక్క లేదు. గడ్డి మీది మంచుకు చెప్పులు తడిశాయి. చెరువు నీచు వాసన కూడా చల్లగా తగిలింది.

"ఉత్తరగాలి తిరిగిందండి అయ్యగారూ. ఇయ్యాల దిగుతాయి చూడండి," అన్నాడు కాపలా ఉండే సుబ్బయ్య.

అన్నట్టే సంచిలాంటి ముక్కుల గూడబాతులు గుంపుగా వచ్చి చెరువులో వాలాయి. చేపలు తినకుండా టపాకాయలు కాల్చి వాటిని తరమడమే ఆయన పని. నేను చెవులు మూసుకున్నాను. ఆయన బీడీ ముట్టించుకుని అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

"కాల్చరా?" గుసగుసగా అడిగాను.

"ఈ పూటకి కాదండి. అంత దూరం నుంచొచ్చినవాట్ని తినకుండా పొమ్మంటామా? రేపట్నుంచి మా గొడవ మామూలేనండి."

"చెరువు రైతు చూస్తే?"

"పోయినేడు చూశారండి. ఈసారి చూస్తే పన్లోకి రావద్దన్నారు."

గట్టు మలుపులో మోటారు సైకిల్ చప్పుడైంది. "రైతుగారేనండి," అన్నాడు సుబ్బయ్య. అయినా జేబులో చెయ్యి పెట్టలేదు.

పక్షులను పోషించే దేవుణ్ణి గురించి ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆ ఉదయం గొంతు లేకుండానే ప్రార్థన వచ్చింది. ప్రభువా, ఆ బండిని ఇంకో చెరువు వైపు తిప్పు.