ఎరిక్ పాదాలు తగిలిన చోటు

ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు దాటింది. రోజూ వార్తలు రాసి బతికినవాణ్ణి, ఈ ఒక్కటీ రాయలేకపోయాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో మేం మిషిగన్ ఉత్తరాన, ఏప్రిల్ దాకా మంచు కరగని ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నా భార్య అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. నేను ఆ ఊరి దినపత్రికలో ఆటల విలేకరిని. ఊరికున్న ఒకే గొప్ప స్కీ జంపింగ్. ఎత్తయిన వాలు మీంచి జారి, గాల్లోకి లేచి, వీలైనంత దూరంలో దిగడం. ఎరిక్ అందులో జాతీయ ఛాంపియన్. అది అతని అసలు పేరు కాదు. కలప మిల్లులో పని. అతని గెలుపులన్నీ నేనే రాశాను. ఆదివారాలు మా ఇంటికొచ్చి, కారానికి ముక్కు తుడుచుకుంటూనే కోడికూర మళ్లీ అడిగి వడ్డించుకునేవాడు.

అప్పట్లో దూరం కొలిచేది మనుషులే. దిగే వాలు పక్కన వరసగా నిలబడేవారు. ఒక్కొక్కరికీ కొన్ని మీటర్ల మేర. ఎవరి ముందు పాదాలు మంచుకు తగిలితే వాళ్లు ఆ గుర్తు దగ్గర చెయ్యెత్తాలి. ఆ చెయ్యే లెక్క.

జాతీయ జట్టుకు ఎంపిక మా ఊళ్లోనే జరిగింది. ఒక మనిషి తక్కువైతే నన్ను నిలబడమన్నారు. విలేకరి చెయ్యకూడని పని. తెలిసే ఒప్పుకున్నాను. ఊరు నన్ను తనవాడిగా పిలవడం అదే మొదటిసారి.

పైకి వెళ్తూ ఎరిక్ ఆగాడు. "ఏం పేపరాయనా, ఇవాళ దుప్పటి మర్చిపోయావా?"

అంతకు ముందు పోటీలన్నీ వెచ్చటి గదిలోంచి చూసినవాణ్ణి. చలికి తట్టుకోలేక మఫ్లర్ ముక్కు మీదికి లాక్కున్నాను. నా ఊపిరే కళ్లద్దాలకు పట్టి గడ్డకట్టింది. నేను దాన్ని గోకుతుండగానే ఎరిక్ దూకాడు. స్కీలు మంచును కొట్టిన చప్పుడు విన్నాను. నా మేరలోనే. ఎక్కడో తెలియదు. అందరూ నా వైపే చూస్తున్నారు. పై గుర్తు దగ్గర చెయ్యెత్తాను. అంటే, తక్కువ దూరం.

ఎందుకు తక్కువ? అతను నా స్నేహితుడని ఊరంతటికీ తెలుసు. ఎక్కువ చూపిస్తే పక్షపాతమంటారు, తక్కువ చూపిస్తే నిజాయితీ అంటారు. ఆ ఒక్క క్షణంలో ఇంత ఆలోచించానా, లేక నన్ను నేను అర్థం చేసుకోవడానికి తర్వాత అల్లుకున్నానా? ఆలోచించాననే అనుకుంటున్నాను. చూడలేదని చెబితే అతన్ని మళ్లీ దూకనిచ్చేవారు. చెప్పడానికి నామోషీ.

అతనికి జట్టులో చోటు కొద్దిలో తప్పిపోయింది. సాయంత్రం ఎరిక్ స్కీలు భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"నా పాదాలు తగలడం చూశావా?"

"చూశాను."

"గాల్లో ఉన్నప్పుడు బాగా దూరం పోతున్నట్టే అనిపించింది."

నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.

"ఇంకెవడన్నా అయితే పోట్లాడేవాణ్ణి. నువ్వు చూశావంటే, నా ఒళ్లే నాకు అబద్ధం చెప్పిందన్నమాట."

అక్కణ్ణుంచి తన ఒంటిని నమ్మడం మానేశాడు. అంచు మీంచి లేవాల్సిన క్షణంలో సందేహించేవాడు. ఆ ఆటలో సందేహానికి చోటు లేదు. మరుసటి చలికాలం పడ్డాడు. మోకాలు పోయింది. ఛాంపియన్ పట్టు కోల్పోయాడని శీర్షిక పెట్టింది నేనే.

ఎనభైల మధ్యలో, ఆ ఊరు వదిలే ముందు, కొండ దగ్గరికి వెళ్లాను. కుంటుతూ పిల్లలకు నేర్పుతున్నాడు. ఒక పాప గొడవ పడుతోంది.

"నేనింకా దూరం దిగాను ఎరిక్! నాకు తెలుసు!"

"నీకు తెలీదు తల్లీ. గాల్లో ఒళ్లు అబద్ధాలు చెబుతుంది. పక్కన నిలబడి చూసినవాణ్ణి నమ్ము." నన్ను చూపించాడు. "కావాలంటే ఆయన్నడుగు."

పాప నా వైపు తిరిగింది. నేను తలూపాను.

ఆ తలూపడాన్ని కూడా కలిపే చెబుతున్నాను. ఎరిక్ ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. ఉన్నా ఇది చదవలేడు, తెలుగులో రాయడానికి ధైర్యం అందుకే వచ్చిందేమో. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. అతను ఎక్కడ దిగాడో నేను చూడలేదు. ఇంతే వాక్యం. రాశాక కాస్త ఊపిరాడింది.