మేతకు పోయిన మట్టెద్దు

నా చిన్నప్పుడు మా ఊళ్లో నాకంటే బాగా మట్టెద్దును చేసేవాడు ఇంకొకడు లేడు. ఆదోని పక్కన నల్లరేగడి పల్లె మాది. జ్యేష్ఠమాసం చివర వచ్చే అమావాస్యకు పిల్లలమంతా వంకలోంచి బంకమట్టి తెచ్చి ఎద్దుల్ని చేసేవాళ్లం. పెద్దవాళ్లు వాటికి పసుపు కుంకుమ పెట్టి, బెల్లం ముక్క ముందుంచి, వానలు బాగా కురవాలని మొక్కేవారు. ఒక ఏడు నేను చేసిన ఎద్దును చూసి పక్కింటి ఆవు అది నిజమైనదే అనుకుని పలుపు తెంచుకుని వచ్చి దాని మెడ నాకింది. ఈ మాట నేను ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. ఆవు రావడం మాత్రం నిజం. నాకింది ఎద్దు ముందున్న బెల్లాన్ని. ఆ ఎద్దు కూడా నా అరచేతిలో పట్టేంతే, ఒక కొమ్ము పొడుగు, ఒక కొమ్ము పొట్టి.

ఇలా పెంచి చెప్పే గుణం నాకు మా మేనత్త నుంచి వచ్చింది. ఆమె మా నాన్నకు అక్క, మా ఇంట్లోనే ఉండేది. సేద్యం పనంతా ఆమె చేతి మీదుగా నడిచేది. కలుపు తీస్తూ కూడా ఏదో ఒకటి అల్లి చెప్పేది. కాకపోతే నేను చెప్పే అబద్ధాలు నా గొప్ప కోసం. ఆమె చెప్పేవాటికి ఒక పని ఉండేది. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మా చేనిలో చెట్టన్నది లేదు. కూలికి వచ్చిన ఆడవాళ్లు మధ్యాహ్నం సద్దిమూట విప్పితే బండి కింద దూరి, తల ఇరుసుకు తగలకుండా వంచుకుని తినాల్సిందే. అత్త ఏటా గట్టు మీద వేప మొక్కలు నాటేది. అవి మోకాలెత్తు రాగానే మేం పిల్లలం విరిచేసేవాళ్లం. ఎద్దులాట ఆడాలంటే చేతిలో బెత్తం ఉండాలి. లేత వేప బెత్తం గాలిలో మోగినట్టు ఇంకేదీ మోగదు. అత్త ఇదంతా చూస్తూనే ఉంది. మమ్మల్ని తిట్టలేదు, మా నాన్నకూ చెప్పలేదు.

ఆవు వచ్చిన ఆ ఏడే, అమావాస్యకు మేము అరుగు మీద మట్టి పిసుకుతుంటే వచ్చి కూర్చుని, నా ఎద్దును అటూ ఇటూ తిప్పి చూసింది.

"శానా బాగా చేసినావు అల్లుడా. కడుపులో ఏం పెట్టినావు?"

"మట్టెద్దుకు కడుపేంది అత్తా?"

"అయితే దాన్ని పస్తు పెట్టి దున్నిస్తావా? కడుపులో ఇంత మేత పెట్టి తొలివానకు గట్టు మీద ఇడిస్తే లేచి పోతాది. బాగా మేసి పచ్చకొమ్ములతో తిరిగొస్తాది. నేను సూసినా."

"యాడ సూసినావు?"

"మీ నాయన చేసిన ఎద్దే. పోయి అడుగుపో."

మా నాన్నను అడిగే ధైర్యం నాకు లేదని ఆమెకు బాగా తెలుసు. కొంగు ముడి విప్పి, గుజ్జు తీసి ఆరబెట్టిన వేప గింజలు మా ముందు పోసింది. ఎద్దుల పొట్టలు గిల్లి, ఆ మేత కూరి, పేడ కలిపిన మట్టితో మూశాం.

మబ్బు పట్టిన రోజు పిల్లలంతా తమ ఎద్దుల్ని తీసుకెళ్లి మా చేను గట్టు మీద వరసగా నిలబెట్టారు. నేను పెట్టలేదు. వానలో పెడితే మట్టి కరుగుతుందని తెలియని వయసు కాదు నాది. లేచి మేతకు పోతుందేమోనన్న ఆశ పూర్తిగా పోయిన వయసూ కాదు. అంతవరకు నేను చేసిన వాటిలో నలుగురూ మెచ్చుకున్నది ఆ ఎద్దు ఒక్కటే. నలుగురూ అంటే, మా అత్త. దాన్ని దీపం గూట్లో దాచుకున్నాను. ఆమె బలవంతపెట్టలేదు. పొద్దు గుంకేటప్పుడు నాకు రొట్టె పెడుతూ గూటి వైపు చూసి, "పాపం, జతగాళ్లంతా మేతకు పోయినారు. ఇదొకటే పస్తుండాది" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు.

చేతిలో రొట్టె పక్కన పెట్టేశాను. ఎద్దును చొక్కాలో పెట్టుకుని పరుగెత్తి, మిగతా వాటి పక్కనే నిలబెట్టి వచ్చాను. ఆ రాత్రి వాన దంచింది. తెల్లారి వెళ్లి చూస్తే అక్కడ పిడికెడు మట్టి ముద్ద ఉంది. నేను బోరున ఏడ్చాను. అత్త నడుం వంచి, దొంగ జాడ వెతికేవాడిలా నేలంతా చూసి, వాననీళ్లు పారిన చారను వేలితో చూపించింది.

"ఇదో, ఇట్లా పోయినాది. మళ్లా ఈడికే వస్తాది. దప్పికతో వస్తాది గానీ, దినామూ ఇంత నీళ్లు పెట్టు."

ఆ ఒక్క వాన తర్వాత మబ్బు మా ఊరి మొహం చూడలేదు. నేను రోజూ చెంబుతో నీళ్లు మోసుకెళ్లి ఆ ముద్ద మీద పోసేవాణ్ణి. మిగతా పిల్లలకు విసుగొచ్చింది. "ఏమప్పా, నీ ఎద్దు ఈ పొద్దన్నా వస్తాదా? దావ తప్పిందేమో" అని ఆటపట్టించేవారు. ఒక ఉదయం ముద్ద పగిలి రెండు మొలకలు కనిపించాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆ కొమ్ములు నా ఎద్దువి కాక ఇంకెవరివి?

చుట్టూ తుమ్మకంప నాటాను. మొక్క మోకాలెత్తు వచ్చాక నా జతగాడొకడు బెత్తం కోసం దాని మీద చెయ్యి వేశాడు. వాణ్ణి అమాంతం ఎత్తి కంపలో విసిరేశాను. నిజం చెప్పాలంటే కంపలో పడింది నేను. పడి కూడా వాడి చెయ్యి వదల్లేదు. "అది మొక్క కాదురా, నా ఎద్దు" అని అరిచాను. వాడు నవ్వీ నవ్వీ బెత్తం సంగతే మరిచి వెళ్లిపోయాడు. సాయంత్రం అత్త నా వీపులో ముళ్లు తీస్తూ అడిగింది.

"ఎద్దు బాగుండాదా?"

"బాగుండాది."

"ఇంగేం మల్ల."

గింజ పెడితే వేప మొలిచిందని అప్పటికే నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు నేను కల్లూరులో ఉంటున్నాను. అమావాస్యకు మా వీధి పిల్లల్ని పోగేసి మట్టి పిసికిస్తాను. మొన్న ఒకడు ఎద్దు బదులు షేర్ ఆటో చేశాడు. దాని కడుపులోనూ గింజలు కూర్చోబెట్టాం. నా ఎద్దు ఎంత మాను అయిందో, ఊరి కూలీలంతా దాని నీడన ఎలా సద్ది తింటారో ఏటా వాళ్లకు చెబుతాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు.

వాళ్లకు చెప్పనిది ఒకటుంది. మరుసటి ఎండాకాలం ఒక మేక కంప సందులో తల దూర్చి నా ఎద్దును మొదలంటా మేసేసింది. ఏడుస్తూ అత్త దగ్గరికి వెళితే, ఎప్పుడూ కథ కోసం తడుముకోని మనిషి ఆ రోజు ఏ కథా అల్లలేదు. నా చెంబు నింపి, గట్టు వెంట నడిపించుకుని వెళ్లింది. మిగతా ఎద్దుల్ని నిలబెట్టిన చోట రాయి చాటున జానెడు మొక్క ఒకటి వాడిపోయి ఉంది.

"ఇది ఎవురి ఎద్దు అత్తా?"

"తెల్దు అల్లుడా. దానికీ దప్పికే కదా."

నేను నీళ్లు పోశాను. కూలీలు సద్ది తినే నీడ ఆ చెట్టుదే.

ఇప్పటికీ కల్లూరు వీధుల్లో పోతూ గోడ పగులులోనో, కాలువ ఒడ్డునో వాడిన మొలక కనిపిస్తే నా కాళ్లు ఆగిపోతాయి. సంచిలో ఉన్న నీళ్ల సీసా మూత తీస్తాను. ఎవరి ఎద్దో, ఎంత దూరం నుంచి వచ్చిందో.