రెండు బొంగులు, ఒక జంపఖాన

మిల్ట్రీ నర్సింగ్ చదివే నా బిడ్డ సెలవులకు ఇంటికొచ్చింది. పొద్దున మగ్గం మీద నేసి అప్పుడే కోసిన జంపఖాన మడతవెడ్తాంటే, "బాపూ, అది జర ఇటియ్యి. మాకు ఫీల్డ్ ట్రైనింగ్‌ల ఒకటి నేర్పిండ్రు, చూపిస్త" అన్నది.

వాకిట్ల జంపఖాన పరిచి, బట్టలారేసే రెండు బొంగులు దాని మీద పెట్టి, అటంచు ఇటంచు బొంగుల మీదుగ లోపలికి మలిచింది. కుట్టుడు లేదు, కట్టుడు లేదు. మనిషి పండుకుంటే ఆ బరువుకే బిగుసుకుంటదట. నన్ను పండుకొమ్మని, తను ముంగట, మా తమ్ముడు ఎనుక పట్టి లేపిండ్రు.

మా అవ్వ లోపల్నుంచి ఉరికొచ్చింది. "పానమున్న మనిషిని బొంగుల మీద మోస్తరా? దించుండ్రి!"

అందరం నవ్వినం. బిడ్డ నవ్వలే. నన్ను మెల్లగ దించి, "గింతే పని బాపూ. అప్పటికి నాకిది నేర్పలే" అన్నది.

పోయిన ఎండకాలం వాళ్లమ్మకు గుండెనొప్పి లేస్తే, మా ఇరుకు గల్లీల అంబులెన్స్ పట్టలే. కాళ్లొకరం చేతులొకరం పట్టుకొని మెయిన్ రోడ్డు దాక మోసినం. నడుమ ఆగి ఆగి కింద పండవెట్టినం. దవాఖానకు పోయేసరికి అయిపోయింది. ఇంటినిండ జంపఖానలే ఉండె, వాకిట్ల గీ బొంగులే ఉండె. తెల్లారి పాడెకు మాత్రం కొత్త బొంగులు తెచ్చినం.

మీ గల్లీల అంబులెన్స్ పడ్తదా? పట్టకుంటే మా ఇంటికి రాండ్రి, బిడ్డ ఆదివారం దాక ఉంటది. బొంగుల మీద నేను పండుకుంట. మా అవ్వ తిట్లు గూడ నేనే పడ్త. మీరైతే నేర్చుకోండ్రి.